మబ్బుల కింద సరస్సు



వైమానిక దళంలో నా ఉద్యోగ కాలం చాలా వరకు ఆగ్రాలోనే గడిచింది. అక్కడి పారాట్రూపర్ల శిక్షణ పాఠశాలలో కుర్రవాళ్లకు విమానంలోంచి దూకడం నేర్పేవాణ్ణి. కాబట్టి పారాచూట్ ఎలా తెరుచుకుంటుందో చెప్తానని మీరు వచ్చి ఉంటారు. అదీ కొంచెం చెప్తాను గానీ, ఇవాళ నేను ఎత్తుకున్న విషయం వేరు. జీతం కోసం, యుద్ధం కోసం కాకుండా, కేవలం ఇష్టంతో దూకేవాళ్లు ఉంటారు. వాళ్లలో కొందరు పోయినప్పుడు మిగిలినవాళ్లు ఏం చేస్తారు? ఎలా ఏడుస్తారు? మర్నాడు మళ్లీ ఎలా దూకుతారు?

ఇది మనకు సంబంధం లేని విషయమని అనుకోకండి. అమెరికాలో చదువుకుంటున్న అబ్బాయో అమ్మాయో వీపుకి శిక్షకుణ్ణి కట్టుకుని, గాలికి బుగ్గలు అదిరిపోతూ నవ్వుతున్న వీడియో మీలో ఎన్ని ఫోన్లలో ఉందో చేతులెత్తించి అడగను. ఎత్తితే ఇంట్లో గొడవలవుతాయి.

1967 ఆగస్టు 27, ఆదివారం. ఒహాయో రాష్ట్రంలో వేక్‌మన్ అనే చిన్న ఊరు, దాని పక్కన ఆర్ట్‌నర్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయం. అక్కణ్ణుంచి బి-25 విమానం లేచింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు వేసిన రకం అది. ఆట కోసం దూకేవాళ్లు మామూలుగా పన్నెండు, పద్నాలుగు వేల అడుగుల నుంచి దూకుతారు. ఆ రోజు 20,000 అడుగులు ఎక్కిస్తామన్నారు. అంటే పారాచూట్ తెరిచే లోపల దాదాపు ఒకటిన్నర నిమిషం గాల్లో పడుతూ ఉండొచ్చు. ఆ రోజుల్లో అలాంటి అవకాశం దొరకడమంటే పండగే. ఆ ఎత్తులో ఆగస్టులో కూడా గడ్డకట్టే చలి. అందుకని మందపాటి బట్టలు, బూట్లు వేసుకున్నారు.

పైకి వెళ్లాక చూస్తే కింద అంతా మబ్బు, నేల కనిపించడం లేదు. రేడార్ దగ్గర కూర్చున్న కంట్రోలర్‌ని పైలట్ తాము ఎక్కడ ఉన్నామని అడిగాడు. అదే సమయంలో, దూకేవాళ్ల ఫొటోలు తీయడానికి ఒక చిన్న సెస్నా కూడా ఆ చుట్టుపక్కల ఎగురుతోంది. కంట్రోలర్ తెర మీద చూస్తున్న చుక్క ఆ సెస్నాది. బాంబరు అదే అనుకుని, మీరు విమానాశ్రయం దగ్గరే ఉన్నారని చెప్పాడు. పద్దెనిమిది మంది దూకారు. మబ్బు దాటి బయటపడేసరికి కింద ఈరీ సరస్సు.

అప్పటి పారాచూట్లు గుండ్రటివి. మీరు ఇప్పుడు వీడియోల్లో చూసే పరుపులాంటి చతురస్రపు పారాచూట్ అయితే కొంత దూరం ముందుకు నడుపుకుంటూ పోవచ్చు. గుండ్రటిది దాదాపు గాలి ఎటు తోస్తే అటే. ఒడ్డు అందే దూరంలో లేదు. ఒంటి మీద తేలడానికి ఏమీ లేదు, ఎందుకంటే వాళ్లు దూకింది నేల మీదికి కదా. బూట్లు, తడిసిన బట్టలు, మెడకి, కాళ్లకి చుట్టుకునే తాళ్లు. పద్దెనిమిది మందిలో పదహారు మంది మునిగిపోయారు. ఇద్దరు బతికి బయటపడ్డారు. కచ్చులూరు దగ్గర 2019లో బోటు మునిగిన తర్వాత లైఫ్ జాకెట్ల గురించి ఈ ఊళ్లో మనం ఎంత మాట్లాడుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి తేలే సాధనం లేకపోవడమంటే ఏమిటో గోదావరి ఒడ్డు వాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

తప్పు ఎవరిది? ఇంకొకరి చుక్కను చూసి స్థానం చెప్పిన కంట్రోలర్‌దా? నేల కనిపించకుండా మబ్బులోకి దూకకూడదన్న నియమం ఉన్నా దూకినవాళ్లదా? కుటుంబాలు ప్రభుత్వం మీద దావా వేశాయి. కంట్రోలర్ అజాగ్రత్త ఉందని కోర్టులో తేలింది. కానీ దూకేవాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు కోర్టు తీర్పుతో సరిపెట్టుకోలేదు. కంట్రోలర్ వాళ్ల చేతిలో లేడు. మబ్బు విషయంలో నిర్ణయం వాళ్ల చేతిలోదే. అందుకే ఈ ప్రమాదాన్ని తలచుకున్న ప్రతిసారీ మబ్బు దగ్గరికే వస్తారు: నీ కంటికి నేల కనిపించకపోతే దూకకు, ఎవరు చెప్పినా సరే.

ఇక్కడ కొంచెం ఆగుతాను. మన ఇళ్లల్లో ఒక మనిషి హఠాత్తుగా పోతే పెద్దవాళ్లు అనే మొదటి మాట, రాసిపెట్టి ఉంది. రెండో మాట, పోయినవాళ్లని ఏమీ అనకూడదు. నేను వీటిని వెక్కిరించడం లేదు. మొదటి పది రోజులు మనిషి నిలబడాలంటే అలాంటి మాట ఏదో ఒకటి కావాలి. దూకేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. వాళ్లకి శనివారం మళ్లీ విమానం ఎక్కే పని ఉంది. అందుకని వాళ్లు రెండు విధాలుగా సంతాపం చేస్తారు. ఒకటి పేరు పెట్టి చేసేది, రెండోది పేరు తీసేసి చేసేది. నేను ఈ సాయంత్రం మీకు చెప్పదలుచుకున్నదంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

పేరు పెట్టి చేసేది ముందు చెప్తాను. పోయినవాళ్ల అస్థికలని, కుటుంబం ఒప్పుకుంటే, స్నేహితులు విమానంలో పైకి తీసుకెళ్తారు. గుండ్రంగా చేతులు పట్టుకుని పడుతూ ఉండగా మధ్యలో ఉన్నవాళ్లు సంచి విప్పుతారు. మనిషి గంటకి దాదాపు రెండు వందల కిలోమీటర్ల వేగంతో పడతాడు. బూడిద అంత వేగంగా పడలేదు, గాలి దాన్ని ఆపేస్తుంది. అందుకని చుట్టూ ఉన్నవాళ్లకి అది కిందికి పోతున్నట్టు కనిపించదు. తమ ముఖాల పక్క నుంచి పైకి లేచి వెళ్లిపోతున్నట్టు కనిపిస్తుంది. మనం పుష్కర ఘాట్‌లో మెట్ల మీద నిలబడి నీళ్లలో కలిపితే అది దిగువకి పోతుంది, వాళ్లు కలిపితే ఎగువకి పోతుంది. ఇంకొకటి, వరసలో ఒక చోటు ఖాళీగా వదిలి దూకడం. వీటిలో మతం పెద్దగా ఉండదు. ఆ మనిషి ఇక్కడ మాతో ఉండేవాడు, ఈ చోటు అతనిది అని చెప్పడమే.

ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకునేటప్పుడు 'బ్లూ స్కైస్' అంటారు. ఎవరైనా పోయినప్పుడు దానికి రెండో సగం తగిలిస్తారు: 'బ్లాక్ డెత్'. బయటివాళ్లకి మోటుగా వినిపిస్తుంది. నాకు మాత్రం అందులో నటన కనిపించదు.

ఇక పేరు తీసేసి చేసేది. అమెరికాలో దూకేవాళ్ల సంఘం, యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్, 'పారాచూటిస్ట్' అనే పత్రిక నడుపుతుంది. అందులో ప్రాణం తీసిన ప్రమాదాల నివేదికలు వేస్తారు. వయసు ఎంత, ఎన్నిసార్లు దూకిన అనుభవం, ఆ రోజు గాలి ఎలా ఉంది, పారాచూట్ ఎంత చిన్నది, ఏ ఎత్తులో ఏం చేశాడు, ఏం చేయలేదు, ఏం చేసి ఉండాల్సింది. పేరు ఉండదు. స్నేహితులకి అది ఎవరో తెలుసు, చదువుతూ ఏడుస్తారు. తెలియనివాళ్లకి అది పాఠం. మా వైమానిక దళంలో కూడా ప్రమాదం జరిగితే విచారణ జరుగుతుంది. కానీ ఆ కాగితాలు దస్త్రాల్లో ఉంటాయి, వాటిని వారాంతంలో కాఫీ తాగుతూ ఎవరూ చదవరు. వీళ్లు చదువుతారు.

ఈ రెండోది సరిగా జరగకపోతే ఏమవుతుందో చెప్పడానికి రెండు తేదీలు చాలు.

1985 సెప్టెంబర్ 29. జార్జియా రాష్ట్రం, జెన్‌కిన్స్‌బర్గ్. దూకేవాళ్లని తీసుకుని లేచిన సెస్నా కారవాన్ కూలిపోయింది. పదిహేడు మంది పోయారు. కారణం కలుషితమైన ఇంధనం.

1992 ఏప్రిల్ 22. కాలిఫోర్నియాలో పెరిస్ వ్యాలీ. ప్రపంచం నలుమూలల నుంచి జట్లు వచ్చి అభ్యాసం చేసే చోటు అది. ట్విన్ ఆటర్ విమానం ఇరవై రెండు మందితో లేచింది. అంతకు ముందు ట్యాంకులో పోసిన ఇంధనంలో నీళ్లు కలిసి ఉన్నాయి. ఆ విమానానికి పొట్టలో రెండు ట్యాంకులు ఉంటాయి. ముందుది కుడి ఇంజనుకి, వెనకది ఎడమ ఇంజనుకి ఇస్తుంది. లేచిన కొద్ది క్షణాల్లోనే కుడి ఇంజను ఆగిపోయింది. రెండు ఇంజన్ల విమానం ఒకదానితో కూడా ఎగరగలదు, కానీ ఆగిన ఇంజను పంఖా రెక్కలని గాలికి అడ్డం లేకుండా తిప్పాలి. ఆ హడావుడిలో బాగా పనిచేస్తున్న ఇంజనుది తిప్పేశారు. దూకడానికి ఎత్తు లేదు. దూకేవాళ్లందరి వీపుకీ పారాచూట్ ఉంది, ఒక్కటీ పనికి రాలేదు. పదహారు మంది పోయారు.

జెట్ ఇంధనం నీటికన్నా తేలిక కాబట్టి నీళ్లు ట్యాంకు అడుగుకి చేరతాయి. అడుగున చిన్న బిరడా ఉంటుంది. లేచే ముందు అది తిప్పి సీసాలోకి కొంచెం పట్టి చూడటం పైలట్ చేయవలసిన పని. పెద్ద విద్య ఏమీ కాదు. జెన్‌కిన్స్‌బర్గ్‌కీ పెరిస్‌కీ మధ్య ఏడేళ్లు కూడా నిండలేదు. జెన్‌కిన్స్‌బర్గ్ వాళ్ల కోసం ఏడ్చినవాళ్లలో కొందరు పెరిస్‌లో దూకి ఉంటారు, నాకు అనుమానం లేదు. అయినా ఇంధనం పోసే చోట ఆ ఏడుపు అందలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. పోయినవాళ్ల పేర్లు గుర్తు పెట్టుకుని, వాళ్లు ఎందుకు పోయారో గుర్తు పెట్టుకోకపోవడం సగం సంతాపమే.

పెరిస్‌లో బతికినవారిలో డాన్ బ్రాడ్‌స్కీ-చెన్‌ఫెల్డ్ ఒకరు. మెడ విరిగింది, వారాల తరబడి స్పృహ లేదు. తర్వాత లేచి, ఎయిర్‌స్పీడ్ అనే జట్టుతో ప్రపంచ చాంపియన్ అయ్యారు. ఆయన కథ చాలామంది చెప్తారు, చెప్పదగ్గ కథే. అయితే అదొక్కటే చెప్పి వేదిక దిగిపోయేవాళ్లని చూస్తే నాకు చిరాకు. ఆ కథ వింటే మనకి హాయిగా ఉంటుంది. సీసాలో ఇంధనం పట్టి చూడమని చెప్తే హాయిగా ఉండదు. అప్పట్లో విమానం నేల మీద బారులు తీరి కూర్చునేవాళ్లు, బెల్టు పెట్టుకోవడం మీద పెద్దగా పట్టింపు ఉండేది కాదు. పెరిస్ తర్వాత ఆ పట్టింపు వచ్చింది. ఇప్పుడు కొంత ఎత్తుకి చేరేదాకా బెల్టు తీయనివ్వరు.

ఆ పేరు లేని నివేదికలు చదవడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. నివేదిక చదివేవాడు ఎందుకు చదువుతున్నాడో మనం అడగాలి. నేర్చుకోవడానికా, లేక 'వాడు అలా చేశాడు కాబట్టి పోయాడు, నేనైతే అలా చేయను' అనుకుని గుండె మీద చెయ్యి వేసుకోవడానికా? రెండోది నేను ఆగ్రాలో కళ్లారా చూశాను, మంచి కుర్రవాళ్లలోనే. పోయినవాడిలో తప్పు దొరికితే మనకి భయం తగ్గుతుంది. దొరక్కపోతే వెతుకుతాం. ఈరీ సరస్సులో మునిగినవాళ్లు అజ్ఞానులు కారు. వాళ్ల స్థానంలో ఉండి, 20,000 అడుగుల ఎత్తులో, తలుపు తెరుచుకుని ఉండగా, రేడియోలో 'మీరు సరైన చోటే ఉన్నారు' అని అధికారి గొంతు వినిపిస్తే, ఈ హాల్లో ఎంతమంది వెనక్కి తిరిగి వచ్చి కూర్చుంటారు? నేను కూర్చుంటానని గట్టిగా చెప్పలేను.

సాధనాలు బాగుపడ్డాయి. జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోత్ చేసిన సైప్రెస్ అనే చిన్న పెట్టె 1991లో వచ్చింది. గాలి ఒత్తిడిని కొలుస్తూ ఉంటుంది. మనిషి నేలకి సుమారు 225 మీటర్ల ఎత్తుకి వచ్చినా ఇంకా వేగంగా పడుతూనే ఉంటే, ఆపద కోసం ఉంచే రెండో పారాచూట్‌ని కట్టి ఉంచిన దారాన్ని కోసేస్తుంది. స్పృహ తప్పినవాళ్లు, ఎత్తు మరిచిపోయినవాళ్లు ఎంతోమంది దీనివల్ల బతికారు. అయితే ఆ తర్వాత చావులు వేరే చోట కనిపించడం మొదలైంది. పారాచూట్ చక్కగా తెరుచుకుని, ఏ లోపమూ లేకుండా, నేల దగ్గర వేగం కోసం చిన్న పారాచూట్‌తో గట్టి మలుపు తిప్పి గుద్దుకున్నవాళ్లు. పారాచూట్ పరికరాలు కనిపెట్టిన బిల్ బూత్ చెప్పిన సూత్రం ఒకటి ఉంది: సామాను ఎంత భద్రంగా తయారైతే దూకేవాడు అంత ఎక్కువ సాహసం చేసి లెక్క సమానం చేస్తాడని. తెలివైన మాట, కానీ పూర్తిగా నిజం కాలేదు. 1970లలో అమెరికాలో ఏడాదికి సగటున నలభై మందికి పైగా పోయేవాళ్లు. 2023లో దాదాపు 36.5 లక్షల సార్లు దూకితే పది మంది పోయారు, 2024లో తొమ్మిది మంది. పేరు లేని ఆ నివేదికలకి ఇందులో వాటా ఉందని నా నమ్మకం.

నీటి సంగతి కూడా చెప్పేస్తాను. ఆ అమెరికా పారాచూట్ సంఘంలో బి అనే రెండో స్థాయి లైసెన్సు కావాలంటే ఇప్పుడు నీటి శిక్షణ తప్పదు. ఈత కొలనులో పట్టీలతో సహా దింపి, నెత్తి మీద పారాచూట్ గుడ్డ పరిచి, కింద నుంచి ఎలా బయటికి రావాలో చేయిస్తారు. చూడటానికి నవ్వొస్తుంది, పెద్దవాళ్లు దుప్పటి కింద ఇరుక్కున్నట్టు. నేర్పే శిక్షకుడు మాత్రం నవ్వడు.

చివరగా, ఫోన్లలో ఆ వీడియోలున్న తల్లిదండ్రులకి. పిల్లలు దూకుతామంటే వద్దని అరవకండి, అరిస్తే చెప్పకుండా దూకుతారు. రెండో పారాచూట్‌ని లైసెన్సు ఉన్న రిగ్గర్ 180 రోజులకి ఒకసారి విప్పి, పరీక్షించి, మళ్లీ మడిచి సీలు వేయాలి. తేదీ, సంతకం ఉన్న కార్డు ఆ సంచిలోనే ఉంటుంది. ఆ కార్డు చూపించమని అడగమనండి. చూపించడానికి విసుక్కునే చోట దూకవద్దని చెప్పండి. మబ్బుగా ఉండి ఇవాళ విమానం లేవదంటే, ఆ నిర్వాహకుణ్ణి తిట్టుకోవద్దని కూడా చెప్పండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి, వెనక వరసలోంచి మొదలుపెడదాం.