ఎన్నికల సంస్కరణము – మూడవ పక్షము



2019వ సంవత్సరపు లోకసభ ఎన్నికలయందు మన నిజామాబాదున 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో 178 మంది పసుపునకును, ఎఱ్ఱజొన్నలకును గిట్టుబాటు ధర కోరిన రైతులు. ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 బ్యాలెట్టు యూనిట్లు అమర్పవలసి వచ్చెను. ఒక్క రైతైనను గెలువలేదు.

వారు గెలుపునకు గాక నిరసనకై నిలిచిరనుట సత్యమే. ఏకమై యొక పక్షముగా నిలిచినను ఫలమెంత? మన పద్ధతిలో అందఱికన్న నొక్క ఓటు ఎక్కువ వచ్చినవానికే స్థానము. తక్కిన ఓట్లు వ్యర్థము. 2009లో ఆంధ్రప్రదేశమున ప్రజారాజ్యము నూటికి సుమారు 16 ఓట్లు పొందియు, 294 స్థానములలో 18 మాత్రమే గెలిచెను. ఓట్ల పాళ్లనుబట్టి పంచినచో సుమారు 47 దక్కియుండెడివి.

కావున అట్టి పంపకము మూడవ పక్షమునకు మేలు చేయును. కాని కులమునకొక పక్షము పుట్టునను భయమును కలదు. జర్మనీలో నూటికి 5 ఓట్లు రాని పక్షమునకు సాధారణముగా స్థానములీయరు. అట్టి కట్టుబాటు మనకును అవసరము.

2015లో బోధను చక్కెర కర్మాగారము మూతపడినప్పుడు, కష్టము చెఱకు రైతును కులమడిగి వచ్చెనా? ఈ సంస్కరణమును మన కులమునకొక స్థానముకొఱకు గాక, రైతు మాటకొక స్థానముకొఱకు కోరుదము. స్వస్తి.