దేనితో పోల్చి చూశారు?

 

పట్టాలందుకుంటున్న పిల్లలూ, మీలో కొందరు ప్రాజెక్టు పేరుతో ఎలుకలకు నూనె కలిపిన మేత పెట్టి, రక్తం తీసి, కొలెస్ట్రాల్ కొలిచే ఉంటారు. రేపు శామీర్‌పేట దాటి జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం దొరికితే మళ్లీ అదే పని తగలొచ్చు. కాబట్టి ఈ పూట నూనె ముచ్చటే చెబుతాను.

1913లో రష్యాలో అనిచ్కోవ్ అనే శాస్త్రవేత్త కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్లకు పెట్టాడు. వాటి ధమనుల్లో కొవ్వు పేరుకుంది. ఉత్త నూనె తిన్న కుందేళ్లకు అలాంటిదేమీ కాలేదు. ఆ రెండో గుంపు లేకుంటే నింద నూనె మీద పడేది.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో శర్మ, రుక్మిణి చేసిన పని 1986లో అచ్చయింది. మేతలో 10 శాతం తవుడు నూనె కలిపి ఎలుకలకు 8 వారాలు పెట్టారు. పల్లీనూనె తిన్నవాటి కంటే వీటి రక్తంలో కొలెస్ట్రాల్ తక్కువగా కనిపించింది. ఎందుకు? తవుడు నూనెలో ఒరైజనాల్, మొక్కల స్టెరాల్స్ ఉంటాయి. కొలెస్ట్రాల్ పేగులోంచి ఒంటికి పట్టకుండా స్టెరాల్స్ అడ్డుపడతాయి. మిల్లులో మనం బర్రెలకని బస్తాకెత్తే తవుడు సంగతి ఇది!

అంతమాత్రాన పల్లీనూనె చెడ్డదని తేలలేదు. ఆ ప్రయోగం అడిగిన ప్రశ్నే అది కాదు. పైగా ఎలుక మనిషి కాదు. దాని రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా హెచ్‌డీఎల్‌లో తిరుగుతుంది, మనకు ఎల్‌డీఎల్‌లో. దానికి పిత్తాశయమే లేదు. మామూలు మేతతో దాని కొలెస్ట్రాల్ ఓ పట్టాన పెరగదు. అందుకే మేతలో కొలెస్ట్రాల్‌తో పాటు కోలిక్ ఆమ్లం కూడా కలుపుతారు. ఈ విషయంలో హ్యామ్‌స్టర్ మనకు కొంత దగ్గర. తార్నాక వాళ్లు ఎలుకల దగ్గరే ఆగలేదు, 1989 నాటికి కొలెస్ట్రాల్ ఎక్కువున్న మనుషుల్లోనూ తవుడు నూనెను పరీక్షించి చూశారు.

రేపు ఏ కంపెనీ మార్కెటింగ్ మనిషో వచ్చి, నూనె ప్యాకెట్ మీద గుండె బొమ్మ వేయడానికి మీ సంతకం అడుగుతాడు. ఏ జంతువు, మేతలో కొలెస్ట్రాల్ కలిపారా, పక్క గుంపుకు ఏ నూనె పెట్టారు అని అడగండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.