బ్యాంక్ వేలంలో చవగ్గా ఫ్లాట్... బిడ్ వేసే ముందు ఈ 3 చూడండి

"60 లక్షల ఫ్లాట్ బ్యాంక్ వేలంలో 45కే వస్తోంది అన్నా, తీసుకోవచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. తీసుకోవచ్చు. కానీ ఆ 15 లక్షలు ఎందుకు తగ్గాయో ముందు తెలియాలి.

హోమ్ లోన్ కిస్తీ 90 రోజులు దాటినా కట్టకపోతే ఆ లోన్ ఎన్‌పీఏ అవుతుంది. తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంక్ 60 రోజుల నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే, కోర్టులో దావా వేయకుండానే ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేయొచ్చు.

ఒకటి, పొసెషన్. వేలం నోటీసులో 'సింబాలిక్' అని ఉందా, 'ఫిజికల్' అని ఉందా చూడండి. సింబాలిక్ అంటే స్వాధీనం కాగితం మీదే. లోపల పాత ఓనర్ కుటుంబం ఇంకా ఉండొచ్చు. వాళ్లను ఖాళీ చేయించడానికి బ్యాంక్ మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. ఈలోగా ఓనర్ డీఆర్‌టీలో స్టే తెచ్చుకుంటే మీ డబ్బు ఇరుక్కుపోతుంది.

రెండు, టైమ్. వేలం గెలిచిన రోజు, లేదంటే తర్వాతి వర్కింగ్ డే లోపు, ఈఎండీతో కలిపి 25 శాతం కట్టాలి. మిగతా 75 శాతం సేల్ కన్ఫర్మ్ అయిన 15 రోజుల్లో కట్టాలి. బ్యాంక్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే మహా అయితే 3 నెలలు. కట్టలేకపోతే ఆ 25 శాతం పోతుంది. 45 లక్షల మీద అది 11 లక్షల 25 వేలు! 2024లో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి కేసులో బ్యాంక్ వైపే తీర్పిచ్చింది. అందుకే లోన్ వస్తుందో లేదో బిడ్‌కి ముందే కనుక్కోండి.

మూడు, పాత బాకీలు. నోటీసులో 'యాజ్ ఈజ్ వేర్ ఈజ్' అని ఉంటే, ఉన్నది ఉన్నట్టుగా మీరు తీసుకోవాల్సిందే. ఆస్తి పన్ను, మెయింటెనెన్స్, కరెంట్ బాకీ మీ నెత్తిన పడొచ్చు. రూల్స్‌లో ఉంటే పాత కరెంట్ బాకీ కొన్నవాళ్ల దగ్గర వసూలు చేయొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈసీ తీయండి, అసోసియేషన్‌లో అడగండి, పేపర్లు లాయర్‌కి చూపించండి.

లోన్ కట్టలేక ఇబ్బంది పడుతున్నవాళ్లకి కూడా ఒక మాట. వేలం నోటీసు పేపర్లో పడేలోపే మొత్తం బాకీ, ఖర్చులు కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు మీకుంది. పడ్డాక ఆ హక్కు ఉండదు. కాబట్టి మొదటి నోటీసు రాగానే బ్యాంక్‌కి వెళ్లి మాట్లాడండి.

కొనేవాళ్లు పాత బాకీలు, లాయర్ ఫీజు, ఇల్లు చేతికొచ్చేదాకా మీరు కట్టే అద్దె, అన్నీ ఆ 15 లక్షల్లోంచి తీసేయండి. ఇంకా మిగిలితేనే బిడ్ వేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఈసీ ఎలా చదవాలో చూద్దాం. బై!