కదిలే రక్తం – కదలని మనిషి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సైనిక వైద్యుడిగా ఎత్తు ప్రదేశాల్లో పనిచేసినవాణ్ణి కనుక రక్తం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

రక్తం ఎంత ఉందని అందరం అడుగుతాం. అది ఎలా పారుతోందని అడిగేవాళ్లు తక్కువ. నేను చెప్పదలచుకున్నది ఆ రెండో సంగతే.

రక్తం నీటికంటే నాలుగైదు రెట్లు చిక్కన. మగవారి రక్తంలో 40 నుంచి 50 శాతం దాకా ఎర్రకణాలుంటాయి. మిగిలింది దాదాపు అంతా ప్లాస్మా. అయితే ఈ చిక్కదనం ఎప్పుడూ ఒక్కలా ఉండదు. తోడుకున్న పెరుగు గిన్నె కాస్త వంచినా కదలదు. కవ్వం పెట్టి తిప్పితే జారుతుంది. రక్తమూ కొంత అలాంటిదే. ప్రవాహం మందగిస్తే ఎర్రకణాలు రూపాయి బిళ్ళల దొంతరలాగా ఒకదానికొకటి అంటుకుంటాయి, రక్తం చిక్కబడుతుంది. వేగం పెరిగితే విడిపోతాయి, పలచబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎర్రకణం తనకంటే సన్నని కేశనాళికలోకి కూడా వంగి దూరిపోతుంది. మధుమేహం అదుపు తప్పితే ఆ కణం బిరుసెక్కుతుంది. సికిల్ సెల్ జబ్బులో కొడవలిలా మారి దారికి అడ్డం పడుతుంది.

ఇక ఎత్తు సంగతి. లేహ్ సుమారు 11,500 అడుగులు. సియాచిన్‌లో కొన్ని పోస్టులు 18,000 అడుగులు దాటి ఉన్నాయి. పైకి వెళ్లిన మొదటి రోజుల్లో మూత్రం ద్వారా, ఊపిరి ద్వారా ఒంట్లో నీరు పోయి ప్లాస్మా తగ్గుతుంది. ఆక్సిజన్ చాలక మూత్రపిండాలు ఎరిత్రోపోయెటిన్ వదులుతాయి. వారాలు గడిచేకొద్దీ మజ్జలో కొత్త ఎర్రకణాలు పుడతాయి. ఇది శరీరం మన మేలుకోసం చేసే ఏర్పాటే. కానీ మితిమీరితే చేటు. ఎర్రకణాలు 45 శాతం నుంచి 60కి చేరితే చిక్కదనం సుమారు రెట్టింపవుతుంది. మోసేవాళ్లు పెరిగినా దారి కిక్కిరిసిపోతే సరుకు చేరదు కదా!

మన సైనిక వైద్యులు 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం, ఎత్తులో ఎక్కువకాలం ఉన్నవారికి రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం సుమారు 30 రెట్లు ఎక్కువని చెప్పింది. చిక్కదనం ఒక్కటే కారణం కాదు. చలి, కదలిక లేకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం అన్నీ తోడవుతాయి.

శ్రీకాకుళం జిల్లా కుర్రాడొకడు నాకింకా గుర్తు. మూడు రోజులు మంచు తుఫాను, టెంటు దాటి వెళ్లలేదు. రాత్రిపూట మూత్రానికి బయటికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించాడు. ఎడమ పిక్క నొప్పి పుడితే "బెణికిందిలే" అనుకున్నాడు. పక్కవాడు చూసి రిపోర్టు చేశాడు. కాలు వాచి, బిగిసి ఉంది. లోపలి సిరలో గడ్డ. హెలికాప్టర్‌లో కిందికి దించారు, బతికాడు. ఆ గడ్డ విడిపోయి ఊపిరితిత్తికి చేరి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కర్లేదు.

తమ్ముళ్లూ, దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. టెంట్లో ఉన్నా గంటకోసారి మడమలెత్తి దించండి. పిక్క కండరమే కాలి రక్తాన్ని పైకి తోసే పంపు. సిగరెట్ మానండి, అది కూడా ఎర్రకణాల్ని పెంచుతుంది. ఒక కాలే వాచినా, ఆయాసం హఠాత్తుగా పెరిగినా, తగ్గని తలనొప్పి వచ్చినా వెంటనే చెప్పండి. నొప్పి దాచుకోవడం ధైర్యం కాదు.

రిటైరైన మిత్రులకూ ఇదే మాట. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి రోజంతా రైల్లో కూర్చోకుండా మధ్యమధ్య లేచి నడవండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత నీరు తాగాలో డాక్టర్ని అడగండి. మరొక్క మాట. "రక్తం పలచబడే మాత్ర" అంటాం గానీ, అది రక్తాన్ని పలచన చేయదు, గడ్డకట్టకుండా ఆపుతుంది. ఎవరికో రాసిచ్చిందని మీరు వేసుకోకండి. మీకు రాసిచ్చింది మీరే మానేయకండి.

జై హింద్.