జిప్సం బోర్డు అతుకులకు ఏ కాంపౌండు?

(తమకలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువు గొప్పతనం గురించి ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఈసారి ట్రస్టువారు, చేతిపనికి అక్కరకొచ్చే విషయం ఒకటి చెప్పమన్నారు. ఈ జాబితాలో ఐ.టి.ఐ., డిప్లొమా పిల్లలు చాలామంది ఉన్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక కె.జి.ఎఫ్., బంగారుపేట వైపునుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనులకు పోయేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఎందరో. వాళ్ళలో కొందరు చేసేది ఇంటీరియర్ పని, అంటే జిప్సం బోర్డు ఫాల్స్ సీలింగు, పార్టిషన్లు. ఇప్పుడు ఆ పని మాలూరు, నరసాపుర పారిశ్రామిక వాడలకూ వచ్చింది, కోలారు షాపులకూ వచ్చింది. అందులో చాలామంది తేలిగ్గా తీసుకునే ఒక్క వస్తువు గురించే చెబుతాను. అది జాయింట్ కాంపౌండు.

అది నాకెలా తెలిసిందంటే, మన ట్రస్టు సహాయంతో ఐ.టి.ఐ. చదివిన ఒక అబ్బాయి కోలారులో ఒక షాపుకు సీలింగు చేశాడు. మొదటి ఎండాకాలంలోనే అతుకుల వెంబడి గీత గీసినట్టు పగుళ్ళు వచ్చాయి. పని చేతకాలేదని కాంట్రాక్టరు చివరి కంతు డబ్బు ఆపేశాడు. పెద్దమనుషులు బిల్లులు నా ముందు పెట్టారు. నాకు గార పని రాదు, బిల్లు చదవడం వచ్చు. బోర్డులున్నాయి, చానళ్ళున్నాయి, స్క్రూలున్నాయి, నాలుగు బస్తాల పి.ఓ.పి., ఫైబర్ టేపు చుట్టలు, ఎమరీ పేపరు ఉన్నాయి. జాయింట్ కాంపౌండు అనే మాట ఏ బిల్లులోనూ లేదు. సామాను కొన్నది కాంట్రాక్టరు. ఉన్నదానితో చేసింది అబ్బాయి.

పి.ఓ.పి. కూడా జిప్సమే కదా, తేడా ఏమిటని అక్కడ ఒకరు అడిగారు. సబబైన ప్రశ్నే. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వేడిలో కాలిస్తే దానిలోని నీటిలో ముప్పాతిక వంతు పోయి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అవుతుంది. నీళ్ళు కలపగానే పోయిన నీటిని మళ్ళీ పట్టుకుని గట్టిపడుతుంది. ఉత్త పి.ఓ.పి. అయితే కొద్ది నిమిషాల్లోనే గట్టిపడుతుంది, పెళుసుగానూ ఉంటుంది. అతుకు దగ్గర రెండు బోర్డులు ఎండకూ చలికీ వెంట్రుకవాసి అటూ ఇటూ కదులుతాయి. పెళుసు వస్తువు ఆ కదలికను ఓర్చుకోలేదు. జాయింట్ కాంపౌండులో అయితే టేపునూ కాగితాన్నీ పట్టి ఉంచే జిగురు, నెమ్మదిగా గట్టిపడే మందు కలుపుతారు. అసలు బలం టేపుది. ఆ టేపును బోర్డుకు అంటించి ఉంచడమే కాంపౌండు పని.

గోడలకు పూసే వైట్ సిమెంట్ పుట్టీ కూడా ఇందుకు పనికిరాదు. అది సిమెంటు గోడకు చేసిన సరుకు. గోడ తడిపి పూయమని బస్తామీదే ఉంటుంది. కాగితం అట్ట ఉన్న బోర్డును తడిపితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కాంపౌండులో ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి బకెట్టులో కలిపి వచ్చే రెడీమిక్స్. ఇది నీరు ఆరితేనే గట్టిపడుతుంది. సున్నపురాయి పొడి, జిగురు, నీళ్ళు ఇందులో ముఖ్యం. ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, ఒక్కొక్క పూతకు సుమారు ఒక రోజు ఆగాలి. మన ఎండాకాలంలో తొందరగానే ఆరుతుంది గాని, అక్టోబరు, నవంబరు వానల్లో ఇంకా ఎక్కువ ఆగాలి. దీని గుణం ఏమిటంటే మెత్తగా ఉంటుంది, నునుపు తేలిగ్గా వస్తుంది. రెండోది బస్తాలో వచ్చే పొడి. వీటిలో సెట్టింగ్ రకం నీళ్ళు కలిపాక నిర్ణీత సమయంలో రసాయనికంగా గట్టిపడుతుంది. కుంచించుకోవడం తక్కువ, గట్టిదనం ఎక్కువ. కాని ఆ గట్టిదనం వల్లే తర్వాత రుద్దడం కష్టం. పొడిగా వచ్చేవన్నీ ఈ జాతి కావు, ఆరి గట్టిపడే పొడులూ ఉన్నాయి. కాబట్టి బస్తామీద సెట్టింగ్ టైమ్ రాసి ఉందా అని చదవాలి. తయారైన తేదీ కూడా చూడాలి. పాతబడిన పొడి ఎప్పుడు గట్టిపడుతుందో దానికే తెలియదు.

అయితే ఏది కొనాలి? నేను అడిగిన మంచి మేస్త్రీలందరూ దాదాపు ఒకే మాట చెప్పారు. బోర్డుల మధ్య సందులు నింపడానికీ, టేపు అంటించే మొదటి పూతకూ సెట్టింగ్ రకం. పై పూతలకు, ముఖ్యంగా చివరిదానికి, తేలిగ్గా రుద్దుకునే రెడీమిక్స్. టాపింగ్ అని రాసి ఉన్న తేలిక రకాన్ని మాత్రం టేపు కింద వాడకూడదు, దానిలో జిగురు తక్కువ. టేపు విషయంలో కూడా మెలకువ కావాలి. పేపర్ టేపు రెండు జాతులతోనూ నిలుస్తుంది, మూలల్లో మడత కూడా చక్కగా పడుతుంది. వెనక జిగురుండే ఫైబర్ టేపు పని తొందరగా సాగుతుంది, కానీ దానికి సెట్టింగ్ రకమే వాడాలి. రెడీమిక్స్ వేస్తే పగుళ్ళు వచ్చే ప్రమాదం ఎక్కువ. స్నానాల గది దగ్గరైతే తేమకు ఓర్చే బోర్డు, దానిమీద సెట్టింగ్ రకం.

కలపడంలో రెండు మాటలు. నీళ్ళలో పొడి వేయాలి, పొడిలో నీళ్ళు కాదు. బకెట్టుకు అంటుకున్న పాత పెళ్ళలు కడిగేయాలి, అవి ఉంటే కొత్తది ముందే గట్టిపడుతుంది. గట్టిపడటం మొదలయ్యాక మళ్ళీ నీళ్ళు పోసి కలిపేవాళ్ళను చూశాను. అంతకన్నా పారేయడమే లాభం.

ఇక నా సబ్జెక్టు, లెక్క. 12 అడుగులు, 10 అడుగుల గది అనుకుందాం. 6 అడుగులు, 4 అడుగుల బోర్డులు 5 పడతాయి. వాటిని ఇటుకల వరసలా మార్చి మార్చి వేస్తే, గోడ అంచులు వదిలేసి, అతుకులు సుమారు 38 అడుగులు. దీనికి అర బస్తా కాంపౌండు కూడా పట్టదు. మంచి సరుకు బస్తాకు 200 రూపాయలు ఎక్కువే అనుకోండి, ఈ గదికి పడే తేడా 100 రూపాయల లోపు. అతుకు పగిలితే? పాతది గీకాలి, టేపు మళ్ళీ వేయాలి, మూడు పూతలు వేయాలి, ఆరనివ్వాలి. అతుకు మేరకే రంగు వేస్తే మచ్చ కనబడుతుంది గనుక సీలింగు మొత్తానికి రంగు. మూడు రోజుల కూలి. బస్తా ధర చూసి కొనేవాడికి ఈ రెండో లెక్క కనబడదు, ఎందుకంటే అది చాలాసార్లు పనివాడి కూలిలోంచి పోతుంది.

అన్ని పగుళ్ళకూ కాంపౌండే కారణం కాదు. చానళ్ళు దూరదూరంగా వేసినా, సీలింగులో స్క్రూలు 9 అంగుళాలకు ఒకటి చొప్పున కాక 15 అంగుళాలకు వేసినా ఏ కాంపౌండూ కాపాడదు.

ఇంకొకటి దుమ్ము. ఇది తల్లిదండ్రులు వినాలి. 1940 నుంచి 1946 వరకు కోలారు బంగారు గనుల్లో 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే 43.7 శాతం మందికి సిలికోసిస్ కనబడిందని మన వైద్య విద్యార్థులు చదివే పుస్తకాల్లోనే ఉంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ఈ జిల్లావాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. జాయింట్ కాంపౌండు గని రాయి కాదు, నిజమే. కానీ కొన్ని రకాల్లో మైకా, టాల్క్, కొద్దిగా సిలికా కూడా ఉంటాయి. అమెరికాలో ఒకప్పుడు ఆస్బెస్టాస్ కూడా కలిపేవారు, 1977లో నిషేధించారు. అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ 1999లో చెప్పినదాని ప్రకారం, ఈ పూతలు రుద్దేవాళ్ళు పీల్చే దుమ్ము అనుమతించిన హద్దుకు 10 రెట్లదాకా ఉంది. సీలింగు రుద్దేటప్పుడు ఆ దుమ్ము నేరుగా మొహంమీదే పడుతుంది. చివరి పూత మెత్తని రకమైతే రుద్దడం తగ్గుతుంది, తడి స్పాంజితో కూడా సరిచేయవచ్చు. సెట్టింగ్ రకం గట్టిపడ్డాక స్పాంజికి లొంగదు, ఎమరీతో అరగదీయాల్సిందే. చేతి రుమాలు కట్టుకోవడం చాలదు, ఎన్ 95 మాస్కు అడిగి తీసుకోండి.

ఆ అబ్బాయి సంగతి అడుగుతారేమో. బిల్లులు చూపించాక కాంట్రాక్టరు కాంపౌండు, పేపర్ టేపు తెప్పించాడు. అబ్బాయి అతుకులు మళ్ళీ చేశాడు. ఆపిన కంతు వచ్చింది, రెండోసారి పనికి మాత్రం సగం కూలే వచ్చింది. నాకది న్యాయంగా తోచలేదు, అక్కడే చెప్పాను కూడా.

అక్కడ బల్లమీద మూడు బోర్డు ముక్కలు పెట్టించాను. ఒకదాని అతుకు పి.ఓ.పి., ఒకటి రెడీమిక్స్ కింద ఫైబర్ టేపు, ఒకటి సెట్టింగ్ పూతలో పేపర్ టేపు. నెల కిందట చేయించినవి. టిఫిన్ అయ్యాక వచ్చి చేత్తో వంచి చూడండి. విరిగినా ఫరవాలేదు, అందుకే పెట్టాం.