మన రూము రూటరు, మన చేతిలో తాళం

(వేదిక వార్షిక సమావేశంలో శుక్రవారం మధ్యాహ్నం, మెహబూలాలో ఉండే ఒక ఏసీ టెక్నీషియన్ సోదరుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాదు. మాది రాజంపేట దగ్గర పల్లెటూరు. ఐటీఐ చదివి, 18 నంబరు వీసా మీద కువైట్ వచ్చి ఏసీలు బాగుచేసుకుంటున్నాను. కంప్యూటర్ల గురించి మాట్లాడమని నన్ను పిలిస్తే మా రూములోవాళ్ళే నవ్వారు. అయినా వచ్చాను. ఎందుకు వచ్చానో ముందు చెప్తాను, రూటరు సంగతి తర్వాత.

మా రూములో ఆరుగురం. అందులో ఒక తమ్ముడు, పేరు చెప్పను, ఒకరోజు రాత్రి డ్యూటీ దిగి వచ్చి క్రికెట్ మ్యాచ్ ఊరికే చూపించే సైటు ఒకటి తెరిచాడు. మ్యాచ్ కంటే ముందు తెర మీద ఎర్రగా ఒక ప్రకటన వచ్చింది, మీ ఫోనులో వైరస్ ఉంది, వెంటనే శుభ్రం చేసుకోండి అని. భయపడి నొక్కాడు. ఒక యాప్ దిగింది. మెసేజీలు చదవడానికి అనుమతి కావాలంది, ఇచ్చాడు. తెల్లారేసరికి చెల్లెలి పెళ్ళికని దాచుకున్న 210 దినార్లు ఖాతాలో లేవు. బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీలను ఆ యాపే చదివేసింది.

డబ్బు పోవడం ఒక ఎత్తు. మూడు వారాలు వాడు ఎవరికీ చెప్పకపోవడం ఇంకో ఎత్తు. డ్యూటీ నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇంటి మీద బెంగేమో అనుకున్నాం. చివరికి వాళ్ళ అమ్మ నాకు ఫోన్ చేసి, "అబ్బీ, మావాడు ఎందుకు మాట్లాడటం లేదు?" అని అడిగితే అప్పుడు బయటపడింది. బ్యాంకుకు వెంటనే చెప్పి ఉంటే ఏమైనా ఆగేదేమో. మూడు వారాల తర్వాత ఏం ఆగుతుంది?

ఆ రాత్రి నాకు ఒకటే ఆలోచన. ఆ ప్రకటన మా రూములోకి ఏ దారిన వచ్చింది? మేం ఆరుగురం తలా ఇంత వేసుకుని కట్టే ఇంటర్నెట్ లోంచే, మా గోడకు మేకు కొట్టి తగిలించిన రూటరు లోంచే వచ్చింది. తలుపుకు తాళం వేస్తాం, పెట్టెకు తాళం వేస్తాం. ఈ దారికి ఎందుకు వెయ్యలేదు?

ఇక రూటరు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. అబ్బాసియాలో కొత్తగా దిగినవాడు మనవాళ్ళ రూము కోసం వెతుకుతూ బఖాలా అతన్ని అడుగుతాడు కదా, ఫలానా వాళ్ళు ఏ బిల్డింగులో ఉంటారు అని. ఫోను కూడా అంతే. మీరు ఒక సైటు పేరు కొట్టగానే, ఆ పేరుకు నంబరు ఏమిటని ముందు అడుగుతుంది. ఆ అడిగే పద్ధతి పేరు డీఎన్ఎస్. మామూలుగా ఫోను ఆ ప్రశ్నను రూటరునే అడుగుతుంది. ఒక సైటు తెరిస్తే అందులోని ప్రకటనలకు వేరే పేర్లు, మనల్ని వెంటాడి లెక్కలు రాసుకునేవాటికి వేరే పేర్లు ఉంటాయి. అలాంటి చెడ్డ పేర్లతో జాబితాలు తయారుచేసి ఉచితంగా పెట్టేవాళ్ళు ఉన్నారు. పెద్ద జాబితాల్లో పేర్లు లక్ష దాటి ఉంటాయి. ఆ జాబితాను రూటరుకు ఇస్తే, ఆ పేరు అడిగినప్పుడల్లా "అట్లాంటివాళ్ళు ఇక్కడెవరూ లేరు" అంటుంది. ప్రకటన దిగదు. ఆరు ఫోన్లలో ఆరుసార్లు ఏమీ పెట్టక్కర్లేదు, ఒక్క రూటరులో పెడితే చాలు.

అయితే చాలా రూటర్లలో కంపెనీ పెట్టిన సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అందులో ఈ సౌకర్యం ఉండదు. దాన్ని తీసేసి వేరేది ఎక్కించాలి. మేం ఎక్కించింది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. దీనికో చిన్న కథ ఉంది. లింక్‌సిస్ కంపెనీ 2002లో డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటరు తెచ్చింది. అందులో వాడింది లైనక్స్. లైనక్స్ షరతు ఏమిటంటే, దాన్ని వాడి పంచేవాడు తన ప్రోగ్రామును కూడా అందరికీ చూపించాలి. జనం పట్టుబట్టి అడిగితే 2003లో ఆ కంపెనీ ప్రోగ్రామును బయటపెట్టింది. దాని మీద కట్టుకుంటూ 2004లో మొదలైందే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. పేరులోని డబ్ల్యూఆర్‌టీ ఆ పాత రూటరుదే. పైసా కట్టక్కర్లేదు.

ఇప్పుడు మేం చేసిన పని వరుసగా చెప్తాను. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

మొదటిది, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటరును ముట్టుకోవద్దు. అది వాళ్ళ సొత్తు. మీ సొంత రూటరు ఇంకోటి తెచ్చి, కంపెనీ రూటరు నుంచి ఒక లాన్ వైరు దాని వాన్ రంధ్రంలో పెట్టాలి. క్యాంపులో ఉండేవాళ్ళు, మీ కంపెనీయే ఇంటర్నెట్ ఇస్తుంటే ముందు అడిగి చెయ్యండి.

రెండవది, ఏ రూటరు కొనాలి? ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ళ సైటులో ఏయే మోడళ్ళకు పనిచేస్తుందో పట్టిక ఉంది. అది చూడకుండా డబ్బు తియ్యొద్దు. ఫ్లాష్ 16 ఎంబీ, ర్యామ్ 128 ఎంబీ ఉంటే జాబితాలకు సరిపోతుంది. 4 ఎంబీ, 32 ఎంబీ ఉన్న పాత డబ్బాలు ఊరికే ఇచ్చినా వద్దు. అల్‌రాయ్ శుక్రవారం సంతలో మాకు టీపీ లింక్ ఆర్చర్ సీ7 పాతది 4 దినార్లకు దొరికింది. రూటరును తిప్పి అడుగున ఉన్న చీటీలో వెర్షన్ నంబరు చూడండి. పేరు ఒకటే అయినా వెర్షన్ మారితే లోపలి సరుకు మారుతుంది. మాది వెర్షన్ 5. ఒకదాని ఫైలు ఇంకోదానికి ఎక్కిస్తే రూటరు చచ్చి కూర్చుంటుంది.

మూడవది, ఫైలు. మీ మోడలుకు రెండు రకాలుంటాయి. కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద మొదటిసారి ఎక్కించడానికి ఫ్యాక్టరీ ఫైలు. తర్వాత కొత్తది మార్చడానికి సిస్‌అప్‌గ్రేడ్ ఫైలు. మొదటిసారి ఫ్యాక్టరీదే. దించుకున్నాక షా256 అనే పొడుగాటి అంకె సైటులో ఉన్నదానితో సరిపోయిందో లేదో చూడండి. సరిపోకపోతే ఫైలు సరిగ్గా దిగలేదని అర్థం.

నాలుగవది, ఎక్కించడం. వైఫై మీద వద్దు. ల్యాప్‌టాప్‌ను వైరుతో కలిపి, రూటరు పాత సెట్టింగుల పేజీలోకి వెళ్ళి, ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ దగ్గర ఆ ఫైలు ఇవ్వాలి. ఆ కాసేపూ కరెంటు తియ్యొద్దు. మా రూములో స్విచ్చి మీద ఎవరి చెయ్యీ పడకుండా ఒకన్ని కాపలా పెట్టాం. లైట్లు ఆరిపోతూ వెలుగుతూ ఉంటాయి, కంగారుపడి బటన్ నొక్కకండి. ఒకవేళ చెడిపోయినా చాలా మోడళ్ళకు టీఎఫ్‌టీపీ అనే పద్ధతిలో తిరిగి లేపే దారి ఉంది. అది మీ మోడలు పేజీలో రాసి ఉంటుంది, మొదలుపెట్టకముందే చదివి పెట్టుకోండి.

ఐదవది, తిరిగి లేచాక 192.168.1.1 అని కొడితే కొత్త పేజీ వస్తుంది. పేరు రూట్, మొదట పాస్‌వర్డ్ ఉండదు. ముందు పాస్‌వర్డ్ పెట్టండి. చాలా మోడళ్ళలో వైఫై కూడా మూసి ఉంటుంది, మనమే తెరిచి పేరు, గట్టి పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఇక్కడే నేను ఒక పూటంతా తన్నుకులాడాను. కంపెనీ రూటరు నంబరు కూడా 192.168.1.1 అయితే రెండూ కొట్టుకుని ఇంటర్నెట్ రాదు. ఒక ఫ్లాటుకు ఇద్దరు యజమానులు వచ్చినట్టు. కొత్తదాని నంబరు 192.168.2.1 అని మార్చగానే సర్దుకుంది.

ఆరవది, అసలు పని. సిస్టం, సాఫ్ట్‌వేర్ అనే చోట అప్‌డేట్ లిస్ట్స్ నొక్కి, లూసీ యాప్ యాడ్‌బ్లాక్ అనే ప్యాకేజీ ఎక్కించండి. అందులో జాబితాలు ఎంచుకోవచ్చు. ఆశపడి అన్నీ టిక్కు పెట్టొద్దు. పెద్ద జాబితాలన్నీ పెడితే ర్యామ్ నిండిపోతుంది, పనికొచ్చే సైట్లు కూడా మూసుకుపోతాయి. చిన్న జాబితా ఒకటి, మోసపు సైట్ల జాబితా ఒకటి చాలు. ఫోర్స్ లోకల్ డీఎన్ఎస్ అనేది కూడా పెట్టండి, ఫోన్లు బయటివాళ్ళను అడగకుండా రూటరునే అడుగుతాయి. కావలసిన సైటు ఏదైనా తెరుచుకోకపోతే దాని పేరు అలౌ లిస్టులో రాస్తే తెరుచుకుంటుంది. మాకు డబ్బు పంపే యాప్ ఒకటి మొదటి వారం ఆగిపోయింది. రెండు నిమిషాల్లో సరిచేశాం.

ఇంకో లాభం కూడా ఉంది. ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ. ఒకడు సినిమా దించుకుంటుంటే ఇంకొకడి వీడియో కాల్ ముక్కలుముక్కలుగా వస్తుంది కదా. స్పీడు కొలిచి, అందులో నూటికి 85 నుంచి 90 వంతులు ఇందులో రాస్తే, రూటరు అందరికీ వంతులు వేసి పంచుతుంది. మా రూములో సగం గొడవలు దీంతోనే తగ్గాయి. బిడ్డ ముఖం ఆగకుండా కనిపిస్తే మనిషి మెత్తబడతాడు.

ఇప్పుడు దీనితో కానివి కూడా చెప్పాలి. లేకపోతే రేపు మీరు నన్ను తిడతారు. యూట్యూబులో వచ్చే ప్రకటనలు దీనితో ఆగవు. వీడియో, ప్రకటన ఒకే చోటు నుంచి వస్తాయి, పేరు చూసి విడదీయలేం. ఫేస్‌బుక్ ప్రకటనలూ అంతే. వాట్సాప్‌లో ఎవడో పంపిన మోసపు ఫైలును రూటరు పట్టుకోలేదు. బయటికి పోయి సిమ్ డేటా వాడితే మన రూటరు కాపలా ఉండదు. గల్ఫ్ ఉద్యోగాలంటూ ఇంటి దగ్గర మన తమ్ముళ్ళకు కనిపించే దొంగ ప్రకటనలను కూడా ఇది ఆపదు. ఏజెంటు అసలోడో కాదో భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో చూసుకోమని ఇంటికి చెప్పండి.

అక్కలూ, మీరు ఉండేది సేట్ల ఇళ్ళల్లో. అక్కడి రూటరు మీ చేతిలో ఉండదు, ముట్టుకోవద్దు కూడా. మీకు వేరే దారి ఉంది. ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి ఫోన్లలో సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది. అందులో యాడ్‌గార్డ్ వాళ్ళ ఉచిత డీఎన్ఎస్ పేరు రాస్తే సిమ్ డేటా మీదా, వైఫై మీదా ప్రకటనలు చాలావరకు తగ్గుతాయి. సభ అయ్యాక రండి, ఫోనులో పెట్టి ఇస్తాను. మా రూములాగా రూటరు పెట్టుకున్నవాళ్ళు మాత్రం ఇది పెట్టొద్దు, రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ దేశం మూసినవాటిని తెరవడానికి కాదు ఇది. అలాంటి పనికి నన్ను పిలవొద్దు. అఖామా మీద బతికేవాళ్ళం మనం.

చివరగా, తాళం ఎవరి చేతిలో ఉండాలి అన్నది. రూటరు పాస్‌వర్డ్ ఉన్నవాడు కావాలంటే ఎవరు ఏ సైటు అడిగారో చూడగలడు. మా రూములో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ఒక పెద్దాయన, కుర్రాళ్ళు ఏం చూస్తున్నారో రాసిపెట్టు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పగలంతా ముదీర్ కళ్ళ కింద పనిచేస్తాం, రాత్రి కూడా ఇంకొకడి కళ్ళ కిందేనా? చివరికి మూడు నియమాలు పెట్టుకున్నాం. ఎవరి లెక్కా రాయడం లేదు, రికార్డు చేసే సౌకర్యం మూసేశాం. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కవరులో పెట్టి రూములో అందరికీ తెలిసిన చోట ఉంచాం. ఏది మూయాలన్నా, ఏది తెరవాలన్నా అందరూ కూర్చుని చెప్పుకున్నాకే. ఏడాదిలో ఒకటి రెండుసార్లు కొత్త వెర్షన్ ఎక్కిస్తాం, ఎక్కించే ముందు సెట్టింగులు బ్యాకప్ తీసుకుంటాం.

ఆ తమ్ముడి సంగతి అడుగుతారు మీరు. డబ్బు తిరిగి రాలేదు. రూములో తలా కొంత వేసి పెళ్ళికి పంపాం, నెలనెలా తీరుస్తున్నాడు. రూటరుకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజు స్విచ్చి దగ్గర కాపలా నిలబడింది వాడే. ఇప్పుడు పక్క ఫ్లాటువాళ్ళకు రూటరు పెట్టేది కూడా వాడే.

మీలో ఎవరికైనా ఇలా జరిగితే దాచుకోవద్దు. ఆ నిమిషమే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, ఖాతా ఆపించండి. ఫోనులో ఇంటర్నెట్ ఆపి, ఆ యాప్ తీసెయ్యండి. మన దేశపు ఖాతా అయితే ఇంట్లోవాళ్ళ చేత 1930 నంబరుకు చెప్పించండి. ఆ తర్వాత పక్క మంచం మీద ఉన్నవాడికి చెప్పండి. అది విని ఎవడైనా నవ్వితే, ఆ నవ్వినవాడిదే తప్పు.

 పాత రూటర్లు ఉన్నవాళ్ళు వచ్చే శుక్రవారం తీసుకురండి, అడుగున చీటీ చూసి పనికొస్తుందో లేదో చెప్తాను. సెలవు.