మర్యాదగా బాకీ వసూలు
(అరుప్పుకోట్టైలో మన సంఘ సభయందు చేసిన ప్రసంగము)



నూలు, బట్టల వర్తకమున అరువు తప్పదు. బట్ట అరువునకు పోవును గాని, నేతగాని కూలి వారము వారము ఇచ్చి తీరవలెను. కావున బాకీ అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు.

మనము మొగమాటముచే ఆరు నెలలు మౌనముగా నుండి, పిదప ఒక్కనాడు కోపింతుము. నేనును ఒకప్పుడు ఒక పాత ఖాతాదారుని పదిమంది యెదుట అడిగితిని. ఆయన ఆ పూటనే సగము చెల్లించెను. మరల నా గడప త్రొక్కలేదు. తక్కిన సగము నేటికిని రాలేదు.

నాటినుండి నేను పాటించు క్రమమిది. బిల్లుమీదనే గడువు తేదీ వ్రాయుదును. గడువునకు వారము ముందు కుశలమడిగి జ్ఞాపకము చేయుదును. గడువు దాటినచో బిల్లు నంబరు, తేదీ, మొత్తము చూపి, తమిళులకు తమిళముననే లెక్క పంపుదును. "ఏ తేదీన ఎంత పంపగలరు?" అని ఏకాంతమున అడుగుదును.

1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము అమ్మిన సరకు బాకీకి దావా గడువు సాధారణముగా మూడేండ్లు. ఆలోపల బాకీదారుడు బాకీ నొప్పుకొని వ్రాసి సంతకము చేసినచో, ఆనాటినుండి గడువు మరల మొదలగును. కావున ఏటేట లెక్క సరిచూచి సంతకము గైకొనుడు. మగ్గములు నడుపువారు ఉద్యం నమోదు చేయించుకొనుడు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము అట్టివారికి కొనుగోలుదారుడు 45 దినములకు మించి గడువు పెట్టరాదు.

అయినను కోర్టు కడపటి మెట్టు. రేపు మన బిడ్డలును వారి బిడ్డలును ఈ బజారుననే వర్తకము చేయవలసియున్నారు.